తొలి ఊపిరి నిలదొక్కుకునేదాకా

పాడి – పశువైద్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానలు తగ్గి చలి మొదలయ్యే ఈ నెలల్లో గేదెలు ఎక్కువగా ఈనుతాయి. ఈసారి ఉత్తరాల్లో చాలామంది అడిగింది ఒకే సంగతి: పుట్టిన దూడ ఊపిరి, గుండె. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా సంకరజాతి ఆవు ఈనినప్పుడు దూడ కదలకుండా పడి ఉంది. పెద్దవాళ్లు వెనక కాళ్లకు తాడు కట్టి దూలానికి తలకిందులుగా వేలాడదీశారు. ముక్కులోంచి, నోట్లోంచి చాలా నీరు కారింది. అయినా దూడ దక్కలేదు. ఊపిరితిత్తుల్లో నీరంతా పోయాక కూడా ఎందుకిలా అయింది?
– పాడి రైతు, పెద్దపల్లి జిల్లా

జవాబు: మీరు చూసిన నీటిలో ఎక్కువ భాగం పొట్టలోది. గర్భంలో ఉన్నన్నాళ్లూ దూడ ఉమ్మనీరు మింగుతూనే ఉంటుంది. తలకిందులు చేయగానే అది గొంతులోకి దిగి ముక్కు, నోటి గుండా కారిపోతుంది. చూసేవాళ్లకు ఊపిరితిత్తులు ఖాళీ అవుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ సమయంలో పేగులు, పొట్ట, కాలేయం బరువంతా డయాఫ్రం (రొమ్ముకూ పొట్టకూ నడుమ ఉండే కండరపు పొర) మీద పడి ఊపిరితిత్తులను అదిమి ఉంచుతుంది. ఊపిరి తీయాల్సిన నిమిషంలోనే రొమ్ము విచ్చుకోదు. ఈనడం ఆలస్యమై, ఆక్సిజన్ అందక, అప్పటికే సొమ్మసిల్లిన దూడకు అది పెద్ద దెబ్బ. గొంతులో జిగురు గట్టిగా అడ్డుపడిందనిపిస్తే తల వాలేలా ఎత్తి అర నిమిషం లోపే దించేయండి. అంతకుమించి వద్దు.

ఊపిరితిత్తుల్లో ఉండే ద్రవం వేరు. దాన్ని ఊపిరితిత్తులే ఊరిస్తాయి. నొప్పులు మొదలై దూడ ఒంట్లో అడ్రినలిన్ పెరిగినప్పుడు ఆ ఊట ఆగి, ద్రవం వెనక్కి ఇంకడం మొదలవుతుంది. పుట్టాక మొదటి కొన్ని ఊపిర్లు బలంగా తీస్తే మిగిలింది గాలిగదుల గోడల్లోంచి చుట్టూ ఉన్న కణజాలంలోకి, అక్కడినుంచి రక్తంలోకి, లింఫులోకి వెళ్లిపోతుంది. అంటే ఆ నీటిని తీసేది దూడ తీసే ఊపిరే. మన పని ఆ ఊపిరి తీయించడం.

దూడ నేల మీదికి రాగానే ముక్కుపుటాల్లోని, నోట్లోని జిగురును వేళ్లతో లాగేయండి. మూతిని కళ్ల దగ్గర్నుంచి ముక్కు కొస దాకా అరచేత్తో నొక్కుతూ తెస్తే లోపల మిగిలింది కూడా బయటికొస్తుంది. వెంటనే దూడను రొమ్ము మీద కూర్చోబెట్టండి. వెనక కాళ్లు రెండూ ముందుకు లాగి పొట్టకు చెరోపక్కన పెడితే ఒరిగిపోదు. పక్కకు పడి ఉన్న దూడలో కింది వైపు ఊపిరితిత్తి నలిగి గాలి పట్టదు, రొమ్ము మీద ఉంటే రెండూ విచ్చుకుంటాయి. ఇంత తేలికైన పని ఇదొక్కటే, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. చాలా పాకల్లో మరిచిపోయేదీ ఇదే.

తర్వాత ఎండు గడ్డిపోచను ముక్కుపుటంలో కొద్దిగా దూర్చి తిప్పండి. దూడ తుమ్మినా, ఎగశ్వాస తీసినా గాలి లోపలికి వెళ్తుంది. తల మీద, మెడ మీద ఒక చెంబు చన్నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించండి. అది ఊపిరి తీయించే కుదుపు కోసమే, పదేపదే పోస్తే దూడ చల్లబడిపోతుంది. ఆ వెంటనే గోనెపట్టాతో వీపు, పక్కటెముకలు గట్టిగా రుద్దండి. రెండు ముక్కుపుటాల నడుమ చర్మాన్ని గోటితో గట్టిగా నొక్కినా కొన్ని దూడలు ఊపిరి అందుకుంటాయి. ముక్కులో ఉల్లిరసం పిండటం, నోట్లో సారా పోయడం లాంటివి మాత్రం చేయకండి. మింగలేని స్థితిలో ఉన్న దూడకు పోసిందంతా ఊపిరితిత్తుల్లోకే దిగుతుంది.

మామూలుగా పుట్టిన దూడ అర నిమిషం నుంచి నిమిషం లోపు ఊపిరి తీస్తుంది. నిమిషం దాటినా తీయకపోతే ఎడమ మోచేతి వెనక రొమ్ముకు అరచెయ్యి ఆనించి చూడండి. గుండె కొట్టుకుంటుంటే ఇంకా ఆశ ఉన్నట్టే. దూడలకు గాలి పట్టే మాస్కు పంపు మీ పాల సంఘంలోనో, పశువైద్యశాలలోనో ఉంటే దాంతో నిమిషానికి 20 సార్లు చొప్పున గాలి పట్టించాలి. తల, మెడ చాచి ఉంచి, గొంతు ఎడమ పక్కన శ్వాసనాళం వెనక ఉండే ఆహారనాళాన్ని వేళ్లతో నొక్కి పట్టుకోవాలి, లేకపోతే గాలి పొట్టలోకి పోయి పొట్ట ఉబ్బుతుంది. ప్రతిసారీ రొమ్ము లేస్తోందో లేదో చూడండి. దూడ ముక్కుకు నోరు పెట్టి ఊదకండి. ఉమ్మనీటి ద్వారా, మాయ ద్వారా బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం మనుషులకు అంటుకుంటుంది.

ప్రశ్న: గర్భంలో గుండెలో ఫొరామెన్ ఓవేల్ అనే రంధ్రం, డక్టస్ ఆర్టీరియోసస్ అనే అడ్డదారి ఉంటాయనీ, పుట్టగానే మూసుకుపోతాయనీ చదువుకున్నాం. కానీ మా సార్, మూసుకున్నవి మళ్లీ తెరుచుకోవచ్చు అన్నారు. అదెలా సాధ్యం?
– పశుసంవర్ధక పాలిటెక్నిక్ విద్యార్థిని, చిత్తూరు జిల్లా

జవాబు: మీ సార్ చెప్పింది నిజం. ఈ ఒక్క విషయం బాగా పట్టుబడితే పుట్టిన దూడల్లో వచ్చే సగం చిక్కులు వాటంతటవే అర్థమవుతాయి.

గర్భంలో దూడకు ఆక్సిజన్ ఇచ్చేది మాయ. అక్కడినుంచి మంచి రక్తం బొడ్డుసిర గుండా కాలేయం వైపు వచ్చి, పెద్ద సిరలో కలిసి, గుండె కుడి కర్ణికకు చేరుతుంది. అందులో ఎక్కువ పాలు ఫొరామెన్ ఓవేల్ గుండా నేరుగా ఎడమ కర్ణికకు దాటి, ఎడమ జఠరిక నుంచి మహాధమని ద్వారా ముందుగా తలకూ గుండెకూ అందుతుంది. కుడి జఠరికలోకి దిగిన రక్తం ఊపిరితిత్తులకు దారితీసే పుపుస ధమనిలోకి వెళ్తుంది గానీ, అక్కడ ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. గాలి లేదు, ఆక్సిజన్ తక్కువ, చుట్టూ ద్రవం. దాంతో ఆ రక్తం డక్టస్ ఆర్టీరియోసస్ గుండా మహాధమనిలోకి మళ్లిపోతుంది. గర్భంలోని గొర్రెపిల్లల్లో కొలిచినప్పుడు గుండె తోసే మొత్తం రక్తంలో ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది ఇంచుమించు పదో వంతేనని తేలింది. దూడలోనూ ఏర్పాటు ఇలాంటిదే.

ఇక పుట్టుక. బొడ్డుతాడు తెగుతుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఒంటికి చల్లగాలి తగులుతుంది, తల్లి నాలుకతో రాపాడుతుంది. ఇవన్నీ కలిసి మెదడులోని శ్వాసకేంద్రాన్ని లేపుతాయి. మొదటి ఊపిరితో గాలిగదులు విచ్చుకోగానే, ఆక్సిజన్ తగిలి ఊపిరితిత్తుల రక్తనాళాలు సడలుతాయి. అంతవరకు వాటిని తప్పించుకుపోయిన రక్తం ఒక్కసారిగా లోపలికి దూకి, అక్కడినుంచి ఎడమ కర్ణికకు చేరుతుంది. ఎడమవైపు ఒత్తిడి కుడివైపు కంటే పెరుగుతుంది. ఫొరామెన్ ఓవేల్‌కు ఎడమ పక్కన ఉండే పల్చటి పొర ఒంటిరెక్క తలుపులాంటిది, ఆ ఒత్తిడికి వెనక్కి పడి మూసుకుంటుంది. డక్టస్ ఆర్టీరియోసస్ గోడలోని కండరం కూడా, రక్తంలో ఆక్సిజన్ పెరగడం, మాయ నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తగ్గడం వల్ల, మొదటి ఒకటి రెండు రోజుల్లో బిగుసుకుంటుంది.

గమనించాల్సింది ఇక్కడే. ఆ తలుపు ఒత్తిడి వల్ల మూసుకుందే గానీ, దానికి ఇంకా గడియ పడలేదు. పొర అతుక్కుపోవడానికీ, డక్టస్ నారగా మారడానికీ వారాలు పడుతుంది. ఈలోగా దూడకు ఆక్సిజన్ తగ్గినా, ఒళ్లు చల్లబడినా, రక్తంలో ఆమ్లత పెరిగినా ఊపిరితిత్తుల రక్తనాళాలు మళ్లీ బిగుసుకుంటాయి. కుడివైపు ఒత్తిడి పెరుగుతుంది. రక్తం పాత దారి పడుతుంది, అంటే ఊపిరితిత్తులకు పోకుండానే ఒంట్లో తిరుగుతుంది. దాంతో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, నాళాలు ఇంకా బిగుస్తాయి. ఈ సుడిలో పడ్డ దూడ ఉదయం బాగానే లేచి, సాయంత్రానికి నీలిరంగు చిగుళ్లతో వాలిపోవచ్చు. పశువుల్లో ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే వాటి పుపుస ధమని కొమ్మల్లో కండరం మందం, ఆక్సిజన్ తగ్గితే గట్టిగా బిగుసుకునే స్వభావం.

అందుకే మంచి పశువైద్యులు పుట్టిన దూడకు ఆక్సిజన్, వెచ్చదనం, ముర్రుపాలు అనే మూడింటినీ ఒకే చికిత్సగా చూస్తారు. ఒకటి తప్పినా మిగతా రెండూ దెబ్బతింటాయి.

ప్రశ్న: దూడ బాగుందో లేదో తెలుసుకోవడానికి గుండె, ఊపిరి లెక్కపెట్టమంటారు. ఎంతుండాలి? స్టెతస్కోపు లేకుండా వీలవుతుందా?
– మహిళా డెయిరీ సంఘం సభ్యులు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: వీలవుతుంది. గుండెకు ఎడమ మోచేతి వెనక అరచెయ్యి ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. పుట్టిన మొదటి గంటలో 120 నుంచి 160 దాకా ఉండవచ్చు, తర్వాత 100–140కి దిగుతుంది. వేగంగా కొట్టుకోవడం కంటే నెమ్మదిగా కొట్టుకోవడమే భయపడాల్సింది. 80కి పడిపోయిందంటే ఆక్సిజన్ అందక గుండె అలసిపోతోందని అర్థం. ఊపిరికి డొక్క కదలికలు చూసి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి, ఎందుకంటే తొలి గంటల్లో లయ ఒకేలా ఉండదు. మొదటి గంటలో 50–75, మర్నాటికి 30–50. మండుటెండలో ఇంకొంచెం పెరగడం సహజం.

అంకెల కంటే ముందు దూడ చేసే పనులు చూడండి. 5 నిమిషాల్లో తల నిలిపి రొమ్ము మీద కూర్చోవాలి. 15 నిమిషాలు దాటినా పక్కకే పడి ఉంటే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. అరగంటలో లేవడానికి తంటాలు పడుతుంది, గంట, గంటన్నరలో నిలబడుతుంది, రెండు గంటల్లో పొదుగు వెతుకుతుంది. నోట్లో వేలు పెడితే చప్పరించాలి. గిట్టల మధ్య చర్మం గిల్లితే కాలు లాక్కోవాలి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. నీలిరంగు ఆక్సిజన్ లేమికి గుర్తు. తెల్లగా పాలిపోతే బొడ్డులోంచి గానీ లోపల గానీ రక్తం పోయిందేమో చూడాలి.

మనుషుల ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డకు వర్జీనియా ఆప్గార్ రూపొందించిన పద్ధతిలో మార్కులు వేస్తారు. దాని తరహాలోనే దూడలకూ పట్టికలు వచ్చాయి. మీ సంఘంలో పై అంశాలను ఒక అట్టమీద రాసి పాకలో వేలాడదీసుకుంటే చాలు. ఈనిన సమయం, లేచిన సమయం, తాగిన సమయం మూడూ అందులో రాయండి. డాక్టరు వచ్చినప్పుడు మొదట అడిగేది అదే.

ప్రశ్న: రెండు రోజుల పెయ్యదూడ గుండెలో ఏదో శబ్దం ఉందని డాక్టరు గారు అన్నారు. చురుగ్గానే తాగుతోంది. బతుకుతుందా, అమ్మేయాలా?
– పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: తొందరపడకండి. మొదటి రోజుల్లో డక్టస్ పూర్తిగా బిగియకపోవడం వల్ల చిన్న శబ్దం వినిపించవచ్చు, చాలా దూడల్లో దానంతటదే పోతుంది. రక్తహీనత వల్లా, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గడం వల్లా గుండె శబ్దం మారుతుంది. పది, పదిహేను రోజుల తర్వాత మళ్లీ వినిపించండి. అప్పటికీ ఉండి, ముఖ్యంగా రొమ్ము కుడివైపు గట్టిగా వినపడితే రెండు జఠరికల మధ్య గోడలో రంధ్రం ఉండొచ్చు. పశువుల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఎక్కువగా కనిపించేది అదే. అలాంటి దూడ తోటి దూడల కంటే చిన్నగా ఉంటుంది, కాస్త పరుగెత్తితే ఆయాసపడుతుంది, మాటిమాటికీ న్యుమోనియా వస్తుంది. గుండె స్కానింగ్ గురించి దగ్గరలోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో అడగండి. రంధ్రం తేలితే ఆ పెయ్యను చూడి కట్టించకపోవడం మంచిది. చూడితో గుండెపై భారం పెరుగుతుంది, లోపం సంతతికి వచ్చే అవకాశాన్నీ కొట్టిపారేయలేం.

ప్రశ్న: ఎదురుకాళ్లతో వచ్చిన దూడను నలుగురం కలిసి లాగాం. కాళ్లు, నడుము వచ్చాక ఆవు అలసిపోయిందని కాసేపు ఆగాం. దూడ చనిపోయి పుట్టింది. లాగడం మొదలుపెట్టేటప్పుడు కాళ్లు కదిలించింది.
– రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ఆగిన చోటే ప్రాణం పోయింది. వెనక కాళ్లతో వచ్చే దూడ నడుము బయటికి వచ్చేసరికి బొడ్డుతాడు తల్లి కటి ఎముకకూ దూడ పొట్టకూ మధ్య నలుగుతుంది. మాయ నుంచి రక్తం ఆగిపోతుంది. తల ఇంకా లోపలే ఉంది కాబట్టి ఆ ఆక్సిజన్ లేమికి దూడ ఊపిరి తీయబోతే ఉమ్మనీరే లోపలికి పోతుంది.

అందుకే ఎదురుకాళ్ల దూడ విషయంలో నిదానమంతా మొదట్లో ఉండాలి. ముందు అది వెనక కాలేనా అని తేల్చుకోండి. గిట్టల అడుగు పైకి ఉంటే అనుమానించండి. చెయ్యి లోపలికి పోనిచ్చి చూస్తే ముందుకాలిలో మొదటి రెండు కీళ్లూ ఒకే వైపుకు వంగుతాయి, వెనక కాలిలో ఒకటి ఒకవైపు, పైది ఇంకోవైపు వంగుతాయి. దారి పూర్తిగా విచ్చుకునేదాకా, సబ్బునీళ్లతోనో డాక్టరు ఇచ్చే జారుడు ద్రావణంతోనో బాగా తడిపేదాకా లాగకండి. తాడు ముడి మొదటి కీలుకు పైన ఒకటి, కింద ఒక మెలిక వేస్తే కాలు విరగదు. ఇద్దరి బలం దాటి లాగాల్సి వస్తే అది డాక్టరు చేయాల్సిన పని, ఆపరేషన్ కూడా కావచ్చు. తోక మొదలు, నడుము యోని ద్వారం దగ్గరికి రాగానే మాత్రం ఆగకూడదు. అక్కడినుంచి తల బయటపడేదాకా రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి.

సవ్యంగా తలతో వచ్చే దూడలో దీనికి తిరగబడి ఉంటుంది పద్ధతి. రొమ్ము బయటికి రాగానే ఒక్క క్షణం ఆగి ముక్కు తుడిచి ఊపిరి తీయనివ్వండి, తర్వాత కాస్త పక్కకు తిప్పి తుంటి లాగండి. నీటి సంచి పగిలి గంటయినా ముందడుగు లేకపోతే ఎవరి సలహా కోసమూ చూడకుండా సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

ప్రశ్న: పుట్టిన దూడ ఒళ్లంతా పసుపుపచ్చగా ఉంది. కామెర్లా?
– పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: కాదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు దూడ పుట్టకముందే పేగుల్లోని మొదటి మలాన్ని ఉమ్మనీటిలో వదిలేస్తుంది. వెంట్రుకలు పసుపు, గోధుమ రంగుకు తిరిగేది అందుకే. దాంతోపాటు నాలుక, తల వాచి ఉంటే కాన్పు చాలాసేపు సాగిందన్నమాట. చురుగ్గా కనిపించినా ఆ దూడను రెండు రోజులు ప్రత్యేకంగా కనిపెట్టి ఉండండి. రక్తంలో ఆమ్లత వల్ల చప్పరించే బలం తక్కువగా ఉంటుంది, తాగిన ముర్రుపాల్లోని రక్షకాలు కూడా తక్కువే ఒంటపట్టవచ్చు. చప్పరించడం లేదని గమనిస్తే ఆలస్యం చేయకుండా చూపించండి.

ప్రశ్న: మా ముర్రా గేదె చెప్పిన తేదీకి ఇరవై రోజుల ముందే ఈనింది. దూడ బొచ్చు పల్చగా ఉంది, ఊపిరి తీసేటప్పుడు మూలుగుతోంది, డొక్కలు ఎగరేస్తోంది. రెండు రోజులుగా అలాగే ఉంది.
– రైతు, కృష్ణా జిల్లా

జవాబు: గేదె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుకు సుమారు 280. మీరు ఇరవై రోజులు ముందని రాశారు. ఊపిరితిత్తులు చివరిగా సిద్ధమయ్యేది ఆ రోజుల్లోనే.

గాలిగదుల లోపలి గోడలు తడిగా ఉంటాయి. తడి ఉపరితలాలు ఒకదానికొకటి అంటుకోవాలని చూస్తాయి. అలా అంటుకోకుండా గోడలను పల్చటి పూతలా కప్పేది సర్ఫక్టెంట్ అనే కొవ్వు, ప్రొటీన్ల పదార్థం. ఈనే రోజులు దగ్గరపడేకొద్దీ దూడ ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి, ఇది సరిపడా తయారయ్యేలా చేస్తుంది. ముందే పుట్టిన దూడలో పూత చాలదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ గదులు ముడుచుకుపోతాయి, మళ్లీ తెరవడానికి దూడ బలమంతా పెట్టాలి. మూలుగు అందుకే. గాలి పూర్తిగా బయటికి పోకుండా గొంతు బిగించి కొంత లోపలే నిలుపుకునే ప్రయత్నం అది.

ఈ స్థితిలో ఇంటి వైద్యం ఏదీ పనిచేయదు. దూడను రొమ్ము మీదే ఉంచి, రెండు గంటలకోసారి కొద్దిగా పక్క మార్చండి. వెచ్చగా ఉంచండి. చల్లబడితే ఉన్న కొద్ది ఆక్సిజన్నూ ఒళ్లు వేడి పుట్టించడానికే ఖర్చు చేస్తుంది. పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇవ్వాలి. ఆయాసపడే దూడకు సీసా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, కాబట్టి ట్యూబు ద్వారా ఇవ్వాలా వద్దా అనేది డాక్టరు తేల్చాలి. ముక్కుకు మాస్కు పెట్టి నిమిషానికి 5–6 లీటర్ల ఆక్సిజన్ ఇవ్వగలిగే చోటికి చేర్చగలిగితే మేలు. ఉత్తరం అందేసరికే రెండు రోజులు గడిచాయి, ఇంకా చూపించకపోయి ఉంటే ఇప్పుడే చూపించండి. అలాగే తల్లి ఎందుకు తొందరగా ఈనిందో కూడా తేల్చాలి. బ్రూసెల్లోసిస్ పరీక్ష తప్పనిసరి. ఆ పరీక్ష వచ్చేదాకా మాయను, గడ్డిని చేతి తొడుగులతోనే ముట్టుకుని లోతుగా పూడ్చండి, పాలు కాచకుండా ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: ముర్రుపాలు వెదురు గొట్టంతో తాగించే అలవాటు మా ఊళ్లో ఉంది. మూడో రోజుకు దూడ దగ్గుతూ జ్వరంతో పడిపోయింది. సంబంధం ఉందా?
– గోపాలమిత్ర, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఉంది. తల పైకెత్తి గొట్టంతో పోసినప్పుడు మింగే లయ తప్పి పాలు శ్వాసనాళంలోకి జారతాయి. పశువుల ఊపిరితిత్తుల నిర్మాణంలో ఒక ప్రత్యేకత ఉంది. శ్వాసనాళం రెండుగా చీలకముందే కుడివైపు ముందు భాగానికి ఒక కొమ్మ విడిగా బయల్దేరుతుంది. జారిన పాలు ముందుగా అందులోకే దిగుతాయి. అందుకే మీ డాక్టరు కుడి ముందుకాలి వెనక, చంక లోపల స్టెతస్కోపు ఆనించి వింటారు. పైగా పశువుల ఊపిరితిత్తుల్లో గాలిగదుల గుంపుల మధ్య గోడలు మందంగా ఉండి, ఒకదానికి దారి మూసుకుపోతే పక్కదాని నుంచి గాలి రాదు. చిన్న మోతాదు పాలే పెద్ద న్యుమోనియా తెచ్చేది ఇందుకే.

తాగించడానికి చనుమొన ఉన్న సీసా వాడండి. దూడ నిలబడి లేదా రొమ్ము మీద కూర్చుని ఉండాలి, మూతి పొదుగు అందుకునేటప్పుడు ఉండే ఎత్తు దాటకూడదు. మొదటి దఫా దూడ బరువులో పదో వంతు, అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు, మొదటి రెండు గంటల్లో. అందులో సగం పరిమాణం 12 గంటల లోపు మళ్లీ. అలసిన దూడకు అదే మొత్తాన్ని రెండు మూడు విడతలుగా పట్టండి. పాలు దూడ ఒంటి వేడిలోనే, 102 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండాలి. అస్సలు చప్పరించని దూడకే ట్యూబు. శిక్షణ లేనివాళ్లు వేయకూడదు. వేసేవాళ్లు మెడ మీద రెండు గొట్టాలను వేళ్లతో తడిమి గుర్తించాలి: ఒకటి గట్టి ఉంగరాల శ్వాసనాళం, రెండోది ఎడమవైపు ట్యూబుతో నిండిన ఆహారనాళం. రెండోది తగలకపోతే ట్యూబు తప్పు దారిలో ఉందన్నమాట, ఒక్క చుక్క కూడా పోయకుండా బయటికి లాగేయండి.

ప్రశ్న: రాత్రి పదింటికి పుట్టిన దూడ లేచి పాలు తాగింది. తెల్లారేసరికి చల్లగా, ఎగపోస్తూ పడి ఉంది. జబ్బేమీ లేదే!
– పాఠకుడు, ఆసిఫాబాద్ జిల్లా

జవాబు: మీ జిల్లాలో చలికాలపు రాత్రులు తడి దూడకు చాలా కఠినం. ఒళ్లు ఆరకపోతే, కింద సిమెంటు నేల ఉంటే వేడి త్వరగా పోతుంది. దూడ ఒంట్లో మూత్రపిండాల చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వు కరిగి వేడి పుట్టిస్తుంది, అది కొద్దిగానే ఉంటుంది, కరగడానికి ఆక్సిజన్ కావాలి. పైన విద్యార్థినికి రాసిన సుడి ఇక్కడ మొదలవుతుంది: చల్లబడటం, నాళాలు బిగియడం, రక్తం పాత దారి పట్టడం.

థర్మామీటరు పెట్టి చూడండి. పుట్టిన దూడ వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 100 కంటే దిగితే పొడి గుడ్డలతో రుద్ది, గోనె కప్పి, చుట్టూ మందంగా వరిగడ్డి పరచండి. 95కు పడిపోతే పెద్ద తొట్టిలో 100–104 డిగ్రీల నీళ్లు పోసి, తల పైకి పట్టుకుని మెడ దాకా ముంచండి, ఒళ్లు వెచ్చబడ్డాక బయటికి తీసి ఒక్క వెంట్రుక కూడా తడిగా లేకుండా తుడవండి. పాకలో కట్టెల మంట వేయకండి, ఆ పొగ కొత్త ఊపిరితిత్తులకు విషం. వేడి వచ్చాకే పాలు. చల్లటి దూడ పేగులు కదలవు, పాలు పొట్టలోనే నిలిచిపోతాయి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఈనిన అరగంటలోనే జరగాలి: తల్లిని నాకనివ్వండి, మిగిలింది మీరు తుడవండి. బొడ్డును 7 శాతం టింక్చర్ అయోడిన్‌లో అర నిమిషం ముంచండి, 12 గంటలకు మళ్లీ ముంచండి. బొడ్డుతాడు తనంతట తెగితేనే మంచిది, నాళాలు వెనక్కి ముడుచుకుని రక్తం ఆగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కొలరాడోలో ఉంటాడు. అక్కడ కొండల మీద పశువులకు గుండె జబ్బు వస్తుందని చెప్పాడు. అరకులో ఆవులు పెట్టాలనుకుంటున్నాం. భయమా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆయన విన్నది నిజమే. ఎత్తైన చోట్ల గాలిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి పశువుల ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుని, మందమై, కుడి గుండె అలసిపోతుంది. గంగడోలులోనూ రొమ్ము కిందా నీరు చేరి వాస్తుంది. దీన్ని 1915లో కొలరాడోలోనే గ్లోవర్, న్యూసమ్ వర్ణించారు. ఇప్పటికీ అక్కడ పశువైద్యులు పుపుస ధమనిలో ఒత్తిడి కొలిచి, తక్కువ ఒత్తిడి ఉన్న ఆబోతులనే సంతానానికి ఎంచుకుంటారు. ఆ సమస్య సాధారణంగా 1,500 మీటర్ల పైన మొదలవుతుంది. అరకు లోయ సుమారు 900 మీటర్లే. అక్కడ దూడ ఆయాసపడితే ఎత్తును తప్పు పట్టకుండా ముందు చలి, తడి నేల, పాలు పట్టిన తీరు చూడండి. పాకను గాలి దూసుకొచ్చే వైపు మూసి, పైభాగాన గాలి ఆడేలా కట్టుకోండి.